మెతుకు పట్టి చూసే పరీక్ష

చెంపమీదో, మెడమీదో రాయిలా గట్టిపడిన చిన్న గడ్డ. "కాన్సరు కావచ్చు" అన్న ఒక్క మాట చెవిన పడితే చాలు, ఇల్లంతా తల్లడిల్లిపోతుంది. సన్నని సూదితో తీసిన గుప్పెడైనా లేని కణాలు ఆ భయాన్ని తుడిచివేయగలవు. తొందరపడి చదివితే అవే కణాలు ఒక పసిపిల్ల ముఖాన్ని కత్తికి అప్పగించనూ గలవు.

ఆ పాపకు 11 ఏళ్లు. ఎడమ చెవికి ముందు, చెంప పైభాగాన, చర్మం కింద బఠాణీ గింజంత గడ్డ ఒకటి లేచింది. తలంటుతూ ఉండగా తల్లి వేళ్లకు తగిలింది. మొదట దోమకాటు అనుకున్నారు. తర్వాత సెగగడ్డ అనుకుని పట్టు వేశారు. అది పక్వానికి రాలేదు, తగ్గనూ లేదు. ఎనిమిది నెలలు గడిచేసరికి చిన్న రేగుపండంత అయింది. నొప్పి లేదు, జ్వరం లేదు. కాని ముట్టుకుంటే గులకరాయిని తాకినట్టు ఉంటుంది. దానిమీది చర్మానికి లేత నీలిరంగు వచ్చింది.

ఇంట్లో పెద్దవాళ్లు గండమాల అన్నారు. పొరుగింటివాళ్లు చాటుగా రాచపుండు అని చెప్పుకున్నారు. తల్లిదండ్రులు పాపను పట్టణంలోని ఆసుపత్రికి తీసుకుపోయారు.

సర్జను గడ్డను చూసి, "చెవి ముందర లాలాజలగ్రంథి ఉంటుందమ్మా. ఈ గడ్డ ఆ గ్రంథిలో పుట్టిందో, చర్మంలో పుట్టిందో తేలాలి. ముందు సూదిపరీక్ష చేయిద్దాం" అన్నారు. చీటీమీద "చెంపమీద గడ్డ" అని మాత్రం రాసి ఉన్నది. వయస్సు రాయవలసిన చోట ఖాళీ. గడ్డ గట్టిగా ఉన్నదో మెత్తగా ఉన్నదో, ఎన్నాళ్లనుంచి ఉన్నదో ఎవరూ రాయలేదు.

మూడోనాడు రిపోర్టు వచ్చింది. చిన్నవి, గుండ్రనివి, ముదురురంగు కేంద్రకం గల కణాలు గుంపులుగా కనిపించాయని, వాటిలో కొన్ని విభజన పొందుతున్నాయని, ప్రాణాంతకమైన కణితిగా అనుమానించవలసి ఉన్నదని దాని సారాంశం.

తండ్రికి ఆ కాగితంలో అర్థమైనది చివరి వాక్యం ఒక్కటే. "పాప బతుకుతుందా డాక్టరుగారూ?" అని అడిగాడు.

ఆ ప్రశ్న వెనుక మరొక ప్రశ్న కూడా దాగి ఉన్నది. చెవి ముందరి లాలాజలగ్రంథి మధ్యనుంచే ముఖాన్ని కదిలించే నరం కొమ్మలు కొమ్మలుగా చీలిపోతుంది. కాన్సరు అని నమ్మి గ్రంథిని పూర్తిగా తొలగించబోతే ఆ నరానికి దెబ్బ తగలవచ్చు. అప్పుడు కన్ను సరిగా మూతపడదు, నవ్వితే మూతి ఒకవైపుకే లాగుతుంది. 11 ఏళ్ల పిల్ల తన జీవితమంతా ఆ ముఖంతోనే బతకవలసి వస్తుంది.

సర్జను వెంటనే జవాబు చెప్పలేదు. పాపను దగ్గరకు పిలిచి గడ్డను మళ్లీ పరీక్షించారు. ఒక అంచును వేలితో అదిమితే రెండో అంచు పైకి లేచింది, నడుమ ఆధారం పెట్టిన పలక ఒక చివర నొక్కితే మరో చివర లేచినట్టు. చర్మాన్ని రెండువైపులా సాగదీసి చూస్తే గడ్డ గుండ్రంగా కాక, గుడారపు గుడ్డ కింద కర్రలు పొడుచుకు వచ్చినట్టు కోణాలు కోణాలుగా కనిపించింది. పైచర్మాన్ని అంటుకుని ఉన్నది గాని, లోపలి కండమీద అటూ ఇటూ జారుతున్నది.

ఆయన పాప చెయ్యి పట్టుకుని ప్రయోగశాలకు నడిపించుకుపోయారు. రిపోర్టు రాసిన పాథాలజిస్టు గడ్డను తాకి చూశారు. "ఇంత గట్టిగా ఉన్నదని చీటీలో ఎందుకు రాయలేదు? ఇంత చిన్నపిల్లదని నాకు తెలియనే తెలియదే!" అన్నారామె.

అదే రోజున రెండోసారి సూది వేశారు.

ఇది పేరూ ఊరూ గల ఏ ఒక్క పాప కథా కాదు. కొద్దిపాటి తేడాలతో ఇటువంటి సంఘటనలు మన దేశంలోను, ఇతర దేశాలలోను జరిగినట్టు వైద్యపత్రికలు పలుమార్లు నమోదు చేశాయి. వాటన్నిటినీ ఒక ముఖంలో చూపడానికే ఈ పాప. ఆ రెండో సూది ఏమి చెప్పిందో తెలుసుకునే ముందు, సూది అసలు ఈ సాక్షిపీఠం ఎట్లా ఎక్కిందో చూడాలి.

మద్రాసునుంచి స్టాక్‌హోం దాకా

గడ్డను కోయకుండా సూదితో దాని గుట్టు తెలుసుకోవాలన్న ఆలోచన కొత్తది కాదు. 1903లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో పనిచేస్తున్న చార్లెస్ డోనవాన్ అనే వైద్యుడు, బతికి ఉన్న రోగి ప్లీహంలోనికి సూది గుచ్చి తీసిన రక్తంలో ఒక సూక్ష్మజీవిని చూశాడు. కాలా అజార్ అనే ప్రాణాంతక జ్వరానికి అదే కారణమని తరువాత తేలింది. ఆ జీవి శాస్త్రనామంలో నేటికీ ఆయన పేరు నిలిచి ఉన్నది. మరుసటి ఏడాది, 1904లో, ఇండియన్ మెడికల్ సర్వీసుకు చెందిన గ్రెగ్, ఆయన సహచరుడు గ్రే ఆఫ్రికాలోని ఉగాండాలో అతినిద్రావ్యాధి రోగుల మెడ బిళ్ళలలోనికి సూదిని గుచ్చి, తీసిన ద్రవంలో ఆ వ్యాధిని కలిగించే సూక్ష్మజీవులు చురుకుగా కదలాడడం గమనించారు.

వీరు వెతికినది సూక్ష్మజీవులను. కణితుల స్వభావాన్ని సూదితో తేల్చే పనిని పెద్ద ఎత్తున చేపట్టినది న్యూయార్కులోని మెమోరియల్ ఆసుపత్రి. అక్కడ హేస్ మార్టిన్, ఎడ్వర్డ్ ఎల్లిస్ 1930లో తమ అనుభవాన్ని ప్రకటించారు. కాని వారు వాడిన సూది లావైనది. పైగా, ముక్క కోసి చూడనిదే కణితి సంగతి చెప్పరాదన్న పట్టుదల ఆనాటి అమెరికా వైద్యులలో చాలామందికి ఉండేది. అందుచేత ఆ విద్య పుట్టినచోట అంతగా పెరగలేదు.

పెరిగినది స్వీడన్‌లో. 1950, 1960 దశాబ్దాలలో స్టాక్‌హోంలోని రేడియంహెమ్మెట్ అనే కాన్సరు ఆసుపత్రిలో సిక్స్‌టెన్ ఫ్రాంజెన్, జోసెఫ్ జాయిచెక్ మొదలైనవారు ఒక మిల్లీమీటరుకంటె సన్నని సూదితో వేలాది రోగులను పరీక్షించి, ఒక్కొక్క గడ్డలోని కణాలు ఎట్లా ఉంటాయో చిత్రాలతో సహా గ్రంథస్థం చేశారు. ఫ్రాంజెన్ స్వతహాగా రక్తవ్యాధుల నిపుణుడు. రక్తపు చుక్కను గాజుపలకమీద పరచి, ఆరబెట్టి, గీమ్సా రంగు వేసి చూడడం ఆయనకు నిత్యకృత్యం. అదే పద్ధతిని గడ్డలకు వర్తింపజేశాడు. నేడు మన జిల్లా ఆసుపత్రులలో "ఎఫ్.ఎన్.ఏ.సి." అనే నాలుగక్షరాలతో వ్యవహరించే పరీక్ష ఈ వంశంలోనిదే.

పరీక్ష చేసే తీరు చూడడానికి చాలా సులభం. గడ్డను రెండు వేళ్ల మధ్య కదలకుండా పట్టుకుని, చర్మాన్ని స్పిరిటుతో తుడిచి, రక్తం తీసే సూదికంటె లావుకాని సూదిని లోపలికి పంపుతారు. సిరంజి పిడిని వెనుకకు లాగి, సూదిని లోపలే ముందుకూ వెనుకకూ, ఒక దిక్కుకూ మరో దిక్కుకూ కొన్నిమార్లు కదుపుతారు. సూదిని బయటికి తీసే ముందు పిడిని వదిలివేస్తారు. లేకుంటే దొరికిన కాసిని కణాలూ సిరంజిలోనికి ఎగిరిపోతాయి. సూది గొట్టంలో నిలిచిన ఆ చెమ్మను గాజుపలకమీద చిమ్మి, మరో పలకతో పలుచగా పరుస్తారు. కొన్ని పలకలను గాలికి ఆరబెట్టి గీమ్సా రంగు వేస్తారు. కొన్నిటిని తడి ఆరకముందే ఆల్కహాలులో ముంచి, పాపానికొలావు పేరుతో పిలిచే రంగు వేస్తారు. మొదటిది కణం చుట్టూ ఉండే పదార్థాన్ని బాగా చూపుతుంది. రెండవది కేంద్రకంలోని వివరాలను చూపుతుంది. కుట్లు లేవు, మత్తు అక్కరలేదు, పడక అక్కరలేదు. రోగి చేతిమీద దూది అదుముకుని అదే పూట ఇంటికి పోవచ్చు.

సులభమైనది సూది వేయడం. కష్టమైనది చదవడం.

జుట్టు కావలసిన కణం

పాప చెంపమీది గడ్డ పేరు పైలోమేట్రిక్సోమా. లాటిన్ భాషలో మొదటి మాటకు వెంట్రుక అని, రెండవదానికి పుట్టుచోటు అని అర్థం. 1880లో ఫ్రాన్సుకు చెందిన మాలెర్బ్, షెనాంతే దీనిని మొదటిసారి వివరంగా వర్ణించారు. అది చర్మంలోని నూనెగ్రంథులలో పుట్టి సున్నంగా గట్టిపడే గడ్డ అని వారు భావించారు. ఆ అభిప్రాయం తప్పు అని రుజువు కావడానికి 81 ఏళ్లు పట్టింది. 1961లో అమెరికాకు చెందిన ఫోర్బిస్, హెల్విగ్ వందలకొద్దీ గడ్డలను పరిశీలించి, వాటి మూలం వెంట్రుక కుదురులో ఉన్నదని నిరూపించి, నేడు వాడే పేరు పెట్టారు.

వెంట్రుక కుదురు అడుగున నిరంతరం కొత్త కణాలు పుడుతూ ఉంటాయి. అవి పైకి జరుగుతూ, కెరాటిన్ అనే గట్టి పదార్థంతో నిండి, కేంద్రకాన్ని కోల్పోయి, చివరకు ప్రాణంలేని వెంట్రుకగా బయటికి వస్తాయి. దువ్వెనలో చిక్కుకునే ప్రతి వెంట్రుకా ఒకప్పుడు సజీవమైన కణాల వరుసే. పైలోమేట్రిక్సోమాలో ఈ పనే దారితప్పి జరుగుతుంది. కణాలు పుడతాయి, ముదురుతాయి, కేంద్రకాన్ని కోల్పోతాయి. కాని వెంట్రుక మాత్రం తయారు కాదు. ప్రాణంలేని కణాలు చర్మం కిందనే కుప్పపడతాయి. కేంద్రకం ఉండవలసిన చోట తెల్లని ఖాళీ, చుట్టూ కణం ఆకారపు గీత మాత్రం మిగులుతాయి. అందుకే వాటిని "నీడకణాలు" అనీ, "దయ్యపు కణాలు" అనీ పాథాలజిస్టులు పిలుస్తారు. కాలక్రమాన ఆ కుప్పలో సున్నం చేరుతుంది. కొన్నిటిలో ఎముక కూడా ఏర్పడుతుంది. గడ్డ గులకరాయిలా ఉండడానికి కారణం ఇదే.

ఈ దారితప్పడానికి మూలం కూడా తెలిసింది. వెంట్రుక పుట్టుకకు ఆజ్ఞలు మోసే బీటా కెటెనిన్ అనే ప్రోటీను జన్యువులో వచ్చిన మార్పు, పరీక్షించిన గడ్డలలో నూటికి 75కు తక్కువ కాకుండా కనిపించిందని 1999లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆజ్ఞ ఆగవలసిన చోట ఆగకపోవడంవల్ల కణాలు పుడుతూనే ఉంటాయన్నమాట.

ఈ గడ్డ ఎక్కువగా పిల్లలలోను, యౌవనంలో ఉన్నవారిలోను, అందులోనూ ఆడపిల్లలలో కొంత అధికంగా కనిపిస్తుంది. తల, ముఖం, మెడ, భుజం, చేతులు దానికి ఇష్టమైన తావులు. ఇది ఇతర అవయవాలకు పాకదు. పూర్తిగా తీసివేస్తే తిరిగి రావడం బహు అరుదు. ప్రాణాంతకంగా మారిన ఉదాహరణలు లేకపోలేదు గాని, అవి చాలా తక్కువ.

ఇంత సాధువైన గడ్డ కాన్సరు వేషంలో ఎందుకు కనిపిస్తుంది?

ఒక పక్క బియ్యం, ఒక పక్క మాడు

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటారు. సూదిపరీక్ష ఆ మాటమీద ఆధారపడిన విద్య. గిన్నె అంతటా అన్నం ఒక్కతీరుగా ఉడికిందన్న నమ్మకం ఉన్నప్పుడే ఒక్క మెతుకు సాక్ష్యం చెల్లుతుంది. పైలోమేట్రిక్సోమా అటువంటి గిన్నె కాదు. దానిలో ఒక పక్క ఉడకని బియ్యం, మరొక పక్క మెత్తని అన్నం, అడుగున మాడు ఉంటాయి.

సూది మొన గడ్డ అంచున ఉండే లేతకణాలలో పడితే, గాజుపలక నిండా చిన్నవి, ఒత్తుగా గుంపుకట్టినవి, కేంద్రకమే తప్ప మరేమీ లేనట్టు కనిపించే కణాలు పరుచుకుంటాయి. జుట్టును పుట్టించే కణాలు శరీరంలో అతివేగంగా విభజన పొందేవాటిలో చేరినవి కనుక, వాటిలో విభజన దృశ్యాలు కనిపించడం సహజం. కాని పిల్లలలో వచ్చే కొన్ని ఘోరమైన కాన్సర్లలో కూడా చిన్నవి, గుండ్రనివి, ముదురురంగువి అయిన కణాలే కనిపిస్తాయి. పెద్దవారిలోనైతే మరెక్కడినుంచో పాకివచ్చిన కాన్సరు అనిపించవచ్చు. చెవి ముందు ఉన్న గడ్డ అయితే లాలాజలగ్రంథి కాన్సరు అనిపించవచ్చు.

సూది మొన నడుమనున్న మృతకణాలలో పడితే మరొక చిక్కు. శరీరం ఆ మృతకణాలను పరాయివస్తువుగా ఎంచి, అనేక కేంద్రకాలు గల మహాకణాలను వాటిమీదికి పంపుతుంది. మహాకణాలు, వాటి చుట్టూ పొడిపొడి పదార్థం కనిపించగానే మన దేశంలో ఏ పాథాలజిస్టుకైనా మొదట తోచేది క్షయ. మెడ బిళ్ళలలో క్షయ మనకు అంత పరిచితమైన వ్యాధి. పెద్దవాళ్లు గండమాల అన్నది దానినే. ఆ అనుమానం నిజమని తొందరపడితే పిల్ల ఆరు నెలలపాటు అక్కరలేని మందులు మింగవలసి వస్తుంది. గడ్డ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. కెరాటిన్ పొరలు మాత్రమే వస్తే, చర్మం కింద ఏర్పడే మామూలు తిత్తి అనుకుని వదిలివేయవచ్చు.

మరి సత్యాన్ని పట్టి ఇచ్చేది ఏమిటి? లేతకణాల గుంపులు, నీడకణాలు, మహాకణాలు, సున్నపు రేణువులు అన్నీ కలిసి ఒకే పలకమీద కనిపించడం. ఆ కలయిక మరే గడ్డలోనూ సులభంగా దొరకదు. అందులోనూ నీడకణం ముఖ్యమైన సాక్షి. అది పలుచని రంగు అద్దుకుని, చూపు నిలిపి వెతికితే తప్ప కనిపించకుండా ఒక మూల పడి ఉంటుంది. కణాలకోసం వెతికే కన్ను సహజంగా ముదురురంగు గుంపులమీద వాలుతుంది. వెలవెలబోయిన ఆ మృతకణాన్ని చెత్త అనుకుని దాటిపోతుంది.

పాపకు రెండోసారి వేసిన సూది గడ్డలో ఇసుకను గుచ్చినట్టు కరకరమన్నది. ఈసారి మూడు దిక్కులనుంచి కణాలను తీశారు. పలకలకు రంగువేసి మైక్రోస్కోపు కింద పెట్టిన పాథాలజిస్టుకు మొదట చూసిన ముదురుకణాలే కనిపించాయి. వాటి పక్కనే, ఈసారి, కేంద్రకం స్థానంలో తెల్లని ఖాళీతో నీడకణాల పలకలు, రెండు మూడు మహాకణాలు, సున్నపు రేణువులు ఉన్నాయి. తర్వాత ఆమె పాత పలకలను తీసి మళ్లీ చూశారు. ఒక పలక అంచున, రక్తపు మరక పక్కన, నాలుగు నీడకణాలు ఉండనే ఉన్నాయి. మొదటినాడు ఆమె కంటికి అవి ఆనలేదు.

హెల్విగ్ చూసిన మరొక వేషం

చర్మంలో పుట్టే అరుదైన సాధుగడ్డలలో ఇటువంటి మారువేషం వేసేవి ఇంకా ఉన్నాయి. పైలోమేట్రిక్సోమాకు పేరుపెట్టిన హెల్విగ్, అదే 1961లో హిర్ష్ అనే మరొక వైద్యునితో కలిసి కాండ్రాయిడ్ సిరింగోమా అనే గడ్డను గురించి రాశాడు. ఇది స్వేదగ్రంథులకు సంబంధించినది. పెద్దవారిలో ముక్కు, చెంప, పైపెదవి ప్రాంతాలలో నెమ్మదిగా పెరుగుతుంది. దీనినుంచి సూదితో తీసిన పదార్థం గీమ్సా రంగులో ముదురు గులాబీ నారలుగా మెరుస్తుంది. లాలాజలగ్రంథిలో తరచు వచ్చే ఒక సాధుగడ్డ కూడా అచ్చంగా ఇట్లాగే కనిపిస్తుంది. రెంటినీ వేరుచేసేది మైక్రోస్కోపు కాదు. గడ్డ చర్మంలో ఉన్నదా, గ్రంథిలో ఉన్నదా అని చేత్తో తడిమి చెప్పగల వైద్యుడే.

సిలిండ్రోమా అనేది మరొకటి. ఇది నెత్తిమీద వస్తుంది. కొన్ని కుటుంబాలలో తరతరాలుగా వచ్చి, ఒక్కొక్కరికి అనేక గడ్డలు లేచి, ముదిరినప్పుడు తలపాగా చుట్టినట్టు కనిపిస్తుంది. దీనికి కారణమైన జన్యువును 2000లో గుర్తించారు. సూదితో చూస్తే దీనిలో గులాబీరంగు గుండ్రని ముద్దలు, వాటి చుట్టూ చిన్నకణాలు ఉంటాయి. లాలాజలగ్రంథులలో వచ్చే ఒక మొండి కాన్సరులో కూడా అవే ముద్దలు, అవే కణాలు. ఇక్కడ సత్యాన్ని చెప్పేది ఒక చిన్న ప్రశ్న: "మీ అమ్మగారికో, నాన్నగారికో తలమీద ఇటువంటి గడ్డలు ఉండేవా?"

1926లో రష్యాకు చెందిన అబ్రికోసోవ్ వర్ణించిన గ్రాన్యులార్ సెల్ ట్యూమర్ కథ మరో విధం. కండరంలో పుట్టినదని ఆయన తలచాడు. నరాల తొడుగులోని కణాలనుంచి పుట్టినదని తర్వాత తేలింది. నాలుకమీద, చర్మంలో వచ్చినప్పుడు అంత భయం కలిగించదు. స్త్రీల రొమ్ములో వచ్చినప్పుడు మాత్రం చేతికీ, ఎక్సురే చిత్రానికీ కాన్సరులాగే తోస్తుంది. అప్పుడు సూదికి చిక్కిన కణాలలో సన్నని ఇసుక చల్లినట్టు రేణువులు, మధ్య చిన్న, నెమ్మదైన కేంద్రకం కనిపిస్తే, రొమ్మును కోల్పోవలసిన ప్రమాదంనుంచి ఆ స్త్రీ బయటపడుతుంది. పాప విషయంలో భయాన్ని కలిగించిన సూదే ఇక్కడ భయాన్ని తొలగిస్తుంది.

సూది చెప్పనివి

ఇంత ఉపకారం చేసే పరీక్షకు హద్దులు ఉన్నాయి. అది కణాలను చూపుతుంది గాని, ఆ కణాలు గడ్డలో ఏ వరుసలో అమరి ఉన్నాయో చూపదు. ఇటుకలను చూసి ఇంటి నమూనా చెప్పడం వంటిది. స్వేదగ్రంథులలో పుట్టే కొన్ని గడ్డల విషయంలో "ఇది చర్మానికి అనుబంధమైన గడ్డ, సాధువుగా తోస్తున్నది" అనేంతవరకే సూది చెప్పగలదు. మిగిలిన మాట, గడ్డను తీసి పూర్తిగా పరీక్షించిన తర్వాతనే.

కొన్నిచోట్ల సూదిని ముందుగా వాడకూడదు. వేలికింద నాడిలా కొట్టుకునే గడ్డ రక్తనాళానికి సంబంధించినది కావచ్చు. పసిపిల్లల ముక్కు మొదట, నొసటి నడుమ ఉండే గడ్డకు పుర్రె లోపలితో సంబంధం ఉండవచ్చు. వీటికి ముందుగా స్కాను అవసరం. అనుమానం కలిగించే నల్లని పుట్టుమచ్చను సూదితో పొడవడంకంటె, దానిని పూర్తిగా తీసి పరీక్షించడం మేలు.

సూది గుచ్చితే కాన్సరు పాకుతుందన్న భయం మాత్రం జనంలో ఎక్కువ. ఆ భయంతో పరీక్షనే మానుకునేవారు ఉన్నారు. చర్మంలోను, చర్మం కిందను ఉండే గడ్డలకు ఇంత సన్నని సూదిని వాడినప్పుడు అటువంటి ప్రమాదం అత్యంత అరుదు. పరీక్ష మానుకున్నందువల్ల ఆలస్యమై జరిగే నష్టం దానికంటె ఎంతో పెద్దది.

ఇక రోగులూ, వారి బంధువులూ చేయగలిగినది కొంత ఉన్నది. గడ్డ ఎన్నాళ్లనుంచి ఉన్నదో, ఎంత వేగంగా పెరిగిందో, ఇంట్లో మరెవరికైనా ఉన్నదో సూది వేసేవారికి నోటితో చెప్పాలి. చీటీలో వయస్సు, గడ్డ ఉన్న చోటు రాశారో లేదో చూసుకోవాలి. రిపోర్టులో ఉన్న మాటకూ, వైద్యుడు చేత్తో పరీక్షించి చెప్పిన మాటకూ పొంతన కుదరకపోతే, పెద్ద ఆపరేషనుకు ఒప్పుకోకముందు "మళ్లీ ఒకసారి చూస్తారా?" అని అడగడం తప్పు కాదు. గాజుపలకలు ఆసుపత్రిలో భద్రపరచి ఉంటాయి. వాటిని మరొక నిపుణునికి చూపవచ్చు. అన్నిటికంటె ముఖ్యం, తీసిన గడ్డను పారవేయనివ్వకూడదు. చిన్నగడ్డేగదా అని బకెట్టులో వేసిన ముక్కతోపాటు ఆ రోగి గురించిన చివరి సత్యం కూడా పోతుంది.

పాపకు గడ్డ పక్కన మాత్రమే మత్తుసూది వేసి, చర్మపు ముడతవెంబడి చిన్న గాటు పెట్టి, గడ్డను దానికి అంటుకున్న చర్మంతోసహా తీసివేశారు. లాలాజలగ్రంథి జోలికి పోలేదు. తీసినదానిని కోసినప్పుడు కత్తి కింద సుద్దముక్కలా పొడిరాలింది. దాన్ని ప్రయోగశాలకు పంపారు. పదిరోజుల తర్వాత వచ్చిన రిపోర్టు రెండో సూది చెప్పిన మాటనే ధ్రువపరచింది.

కుట్లు విప్పిన రోజున సర్జను పాపను కళ్లు గట్టిగా మూసుకోమన్నారు, బుగ్గలు పూరించమన్నారు. ముఖనరం క్షేమంగా ఉన్నదో లేదో చూసే పరీక్ష అది. చివరికి నవ్వమన్నారు. పాప సిగ్గుపడి తల్లి కొంగు చాటుకు పోయింది. తల్లి కొంగు తొలగించి చూసింది. నవ్వు రెండువైపులా సమానంగా ఉన్నది.